పాత పెట్టెకు కొత్త కొలువు

కొబ్బరిచెట్టు నీడన పుట్టి పెరిగినవారికి ఏ వస్తువునైనా పనికిరానిదని తేల్చివేయడం అంత సులభం కాదు. కోనసీమలో మట్టలు దడికీ, ఆకు తడికెలకూ, ఈనెలు చీపురుకూ, పీచు తాడుకూ, చిప్ప పొయ్యిలోకీ పోయిన తరువాత కూడా చెట్టు మొద్దు మిగిలే ఉంటుంది. అది పంటబోదె మీద అడ్డంగా పడి, నడిచేవారికి వంతెనయై మరికొన్ని ఏండ్లు కొలువు చేస్తుంది. ఇటువంటి నేల మీదికి వచ్చిన కంప్యూటర్ సంగతి వేరు. పదేండ్లు తిరగకుండానే అది పాతబడుతుంది. బల్ల మీది నుండి అటక మీదికి, అటక మీది నుండి పాత ఇనుము కొనేవాని బండి మీదికి చేరుతుంది. దాని తెర గాని, మీటలపలక గాని, లోపలి పచ్చని పలకలు గాని రెండవ పనికి వచ్చేట్టు కనబడవు. ఒక్కటి మాత్రం ఇందుకు మినహాయింపు. యంత్రం వెనుక భాగంలో, ఒక పంకాతో, పెద్ద ఇటుక పరిమాణంలో ఉండే రేకుపెట్టె అది. స్విచ్‌డ్ మోడ్ పవర్ సప్లై అన్నది దాని పూర్తి పేరు. రిపేరు కొట్లలో ఆ పేరు పలికేవారు అరుదు. అందరికీ అది ఎస్.ఎం.పి.ఎస్. మాత్రమే.

గోదావరి జిల్లాల పల్లెలకు కంప్యూటర్ కొంత ముందుగానే చేరిందని చెప్పవచ్చు. 2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు మొదలైన మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు వెలిశాయి. వాటిలో కొన్నింటిని స్వయం సహాయక సంఘాల మహిళలే నిర్వహించారు. కరెంటు బిల్లు చెల్లించడానికి పట్నం పోనక్కరలేదన్నది ఆనాడు చిన్న మార్పు కాదు. అదే కాలంలో రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం వంటి పట్టణాలలో ఇంటర్‌నెట్ కేంద్రాలు, డీటీపీ కొట్లు, కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు విరివిగా వెలిశాయి. ఆ యంత్రాలలో అధికభాగం నేడు లేవు. అవి వెళ్ళిపోతూ విడిచిన ఆస్తి ఏదైనా ఉంటే అది ఈ రేకుపెట్టెయే.

ఎలక్ట్రానిక్స్ మీద అభిరుచి కలిగిన విద్యార్థికి ఈ పెట్టె ఎందుకు ఆస్తి అవుతుందో తెలియాలంటే అతనికి మొదట ఎదురయ్యే అవరోధం ఏమిటో తెలియాలి. చిప్పులు, రెసిస్టర్లు, చిన్న మోటార్లు నేడు కొరియరులో ఇంటికి వస్తాయి. వాటి ధర చేతి ఖర్చుకు అందుతుంది. అందనిది నిలకడ గల విద్యుత్తు. టార్చిలైటు సెల్లులు నాలుగు రోజులకు నీరసిస్తాయి. వాటి వోల్టేజి జారుతున్నకొద్దీ ప్రయోగం చెడినదో సెల్లు చెడినదో తెలియక కుర్రవాడు తలపట్టుకుంటాడు. కళాశాల ప్రయోగశాలలో గుండ్రని మీటలు గల మంచి పవర్ సప్లై ఉంటుంది గాని, అది ప్రాక్టికల్స్ గంటలకే పరిమితం. పక్క బల్లవాడు తన వంతు కోసం ఎదురు చూస్తుండగా తాపీగా తప్పుచేసే వెసులుబాటు అక్కడ ఉండదు. ఇంటి దగ్గర, రాత్రి భోజనాల తరువాత, తన సొంత బల్ల మీద ఒక సర్క్యూటును పదిసార్లు విప్పి పదిసార్లు కట్టే అవకాశం ఉన్నవానికీ లేనివానికీ మధ్య తేడా చాలా పెద్దది. ఆ తేడాను కిలోల లెక్కన అమ్ముడుపోయే ఒక పాత పెట్టె తుడిచివేయగలదు. అయితే దానికి కొన్ని షరతులు ఉన్నాయి.

ఈ పెట్టె చేసే పనిని డెల్టావాసికి బోధించడానికి ధవళేశ్వరం కంటె మంచి ఉపమానం దొరకదు. సర్ ఆర్థర్ కాటన్ చేతుల మీదుగా 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టకు గాని, దాని స్థానంలో 1982 నాటికి నిలిచిన బ్యారేజికి గాని ప్రయోజనం ఒకటే. ఉద్ధృతమైన నదిని నేరుగా పొలంలోకి వదిలితే పొలం మిగలదు. కనుక నీటిని నిలిపి, ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం వద్ద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు మళ్ళించి, లాకు లాకుకూ మట్టం దించుకుంటూ పంటబోదె దాకా తేవాలి. గోడలోని ప్లగ్గుకు వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు అటువంటి నది. కంప్యూటర్ లోపలి భాగాలు కోరేది 3.3, 5, 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. పెట్టె ఆ నదిని మూడు కాలువలుగా చీల్చి అందిస్తుంది.

పోలిక ఇక్కడితో ఆగదు. లాకు వద్ద లస్కరు నీటిమట్టాన్ని గమనిస్తూ తలుపును కొంత ఎత్తుతాడు, కొంత దించుతాడు. పెట్టెలో ఆ లస్కరు పనిని ఒక చిన్న చిప్పు చేస్తుంది. లోపలికి వచ్చిన ఏకాంతర విద్యుత్తును డయోడ్లు ముందుగా ఏకముఖం చేస్తాయి. అప్పుడు దాని విలువ సుమారు 325 వోల్టులకు చేరుతుంది, ఎందుకంటే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుకు శిఖరవిలువ అంతే. ఆ విద్యుత్తును ట్రాన్సిస్టర్లు సెకనుకు కొన్ని పదుల వేలసార్లు తెరిచి మూస్తూ ఒక చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అందిస్తాయి. బయట వాడకం పెరిగి మట్టం పడిపోబోతే చిప్పు ప్రతిసారీ తలుపును మరికొంచెం ఎక్కువ సేపు తెరచి ఉంచుతుంది. వాడకం తగ్గితే తొందరగా మూస్తుంది. తలుపు సగం ఎత్తి ఉంచడం అనేది ఇక్కడ లేదు; ఉన్నది పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం మాత్రమే. సగం తెరిచిన దారిలో వేడిగా వృథా అయ్యే శక్తి ఈ పద్ధతిలో ఆ మేరకు మిగులుతుంది. తెరిచి మూసే వేగం అంత హెచ్చుగా ఉన్నందువల్లనే ట్రాన్స్‌ఫార్మర్ అరచేతిలో ఇమిడిపోయింది. సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తుతో అదే సామర్థ్యాన్ని రాబట్టాలంటే కొన్ని కిలోల ఇనుమూ రాగీ మోయవలసి వచ్చేది. మరొక విశేషం ఉంది. చాలా పాత పెట్టెలలో ఈ లస్కరు చూపు అధికంగా 5 వోల్టుల కాలువ మీదనే ఉంటుంది. దాని ఫలితాన్ని ముందు ముందు చూడవలసి వస్తుంది.

ఈ పద్ధతి కంప్యూటర్‌తో పుట్టినది కాదు. అంతరిక్ష, సైనిక పరికరాలలో అంతకుముందే వాడుకలో ఉంది. ఇంటి బల్ల మీది కంప్యూటర్‌లోకి దానిని తెచ్చినవారిలో రాడ్ హోల్ట్ ముఖ్యుడు. 1977లో వచ్చిన ఆపిల్-2 యంత్రానికి ఇటువంటి సరఫరాను అతడు రూపొందించాడు. 1981లో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌లో ఉంచిన పెట్టె సామర్థ్యం 63.5 వాట్లు మాత్రమే. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని వెలువరించింది. దానితో పెట్టె కొలతలు, ప్లగ్గు అమరిక, తీగల రంగులు ఒక తీరుకు వచ్చాయి. యంత్రాల తయారీదారుల సౌకర్యానికి చేసిన ఈ ఏర్పాటు లోకమంతటా అభిరుచి గలవారికి అనుకోని వరమైంది. పెట్టె ఏ దేశంలో తయారైనా ఎరుపు తీగలో 5 వోల్టులు, పసుపు తీగలో 12 వోల్టులు. ఒకదానిని నేర్చినవాడు దాదాపు అన్నింటినీ నేర్చినట్లే. దాదాపు అన్న మాట అక్కడ ఊరకే వేసినది కాదు. కొందరు తయారీదారులు ఒకప్పుడు అదే ఆకారపు ప్లగ్గులో తీగల వరుసను తమ ఇష్టానుసారం మార్చారు. కనుక రంగును చూసి నమ్మడం కంటె మల్టీమీటరుతో కొలిచి నమ్మడం మేలు.

పాత సామాను కొట్టులో పెట్టెను ఎన్నుకోవడం ఒక విద్య. అక్కడ కుప్పగా పడి ఉన్నవాటిలో బాగున్నది చేతికి రావడం అదృష్టం కాదు. మొదట ముక్కు పనిచేయాలి. కాలిన వార్నీషు వాసన ఉన్న పెట్టెను పక్కన పెట్టాలి. తరువాత చెవి, మెల్లగా కదిపితే లోపల ఏదో దొర్లే చప్పుడు వస్తే అదీ పనికిరాదు. పంకాను వేలితో తిప్పితే తేలికగా తిరగాలి. గాలికంతల గుండా టార్చి వేసి చూస్తే లోపలి కెపాసిటర్ల తలలు కనబడతాయి. అవి బల్లపరుపుగా ఉండాలి గాని పూరీవలె పొంగి ఉండరాదు. 2000 తరువాతి కొన్ని సంవత్సరాలలో నాసిరకపు కెపాసిటర్లు ప్రపంచమంతటా యంత్రాలలో చేరి అకాలంగా పొంగి చెడిపోయాయి. ఆ కాలపు పెట్టెలను మరింత శ్రద్ధగా చూడాలి. డెల్టా వాతావరణం దీనికి తన వంతు చేర్చింది. అంతర్వేది, ఉప్పాడ వంటి తీరగ్రామాలలో పనిచేసిన పెట్టెల రేకును ఉప్పుగాలి తింటుంది. వానకాలపు తేమకు లోపలి దుమ్ము ముద్దగా మారి, రెండు తీగల మధ్య విద్యుత్తుకు దారి ఇస్తుంది. ఇక బల్లులు, చీమలు వెచ్చదనానికి ఆ పెట్టెలలో కాపురం పెట్టడం రిపేరు చేసేవారు నిత్యం చూసే విషయమే.

పెట్టె మీది చీటీని కూడా గుడ్డిగా నమ్మరాదు. 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉన్నంత మాత్రాన అన్ని వాట్లు రావు. చిన్న అక్షరాలలో పసుపు తీగకు ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. అది 10 ఆంపియర్లయితే 12ను 10తో గుణించగా వచ్చే 120 వాట్లే ఆ కాలువ సామర్థ్యం. చవకరకపు పెట్టెలలో ఆ లెక్కకు కూడా సగం వరకే ఆశ పెట్టుకోవడం వివేకం.

కొన్న పెట్టెను నేరుగా ప్లగ్గులో పెట్టడం తొందరపాటు. రిపేరు కొట్లలో సిరీస్ బోర్డు అని ఒకటి ఉంటుంది. 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును వరుసలో కలిపిన పలక అది. పరీక్షించవలసిన పరికరానికి ఆ బల్బు గుండానే విద్యుత్తు పోతుంది. పెట్టె బాగున్నట్లయితే బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబడుతుంది. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటుంది. ఫ్యూజు ఎగరదు, మంట రాదు, ఇల్లు చీకటి కాదు. ఈ సాధనం ఏ పాఠ్యపుస్తకంలోనూ పెద్దగా కనిపించదు గాని, పట్టణాలలోని టీవీ మెకానిక్కుల బల్లలన్నింటి మీద దశాబ్దాలుగా ఉంది. విద్యార్థి తన పెట్టెను మొదటిసారి అటువంటి మెకానిక్కు ఎదుట, అతని బోర్డు మీదనే వెలిగించి చూడటం అన్నివిధాల మంచిది.

ఇక్కడ ఒక మాట కఠినంగానే చెప్పవలసి ఉంది. పెట్టె మూతను విప్పరాదు. పైన చెప్పిన 325 వోల్టుల విద్యుత్తు లోపలి రెండు పెద్ద కెపాసిటర్లలో నిలువ ఉంటుంది. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా అది వెంటనే పోదు. దానిని మెల్లగా ఖాళీ చేయడానికి రెసిస్టర్లు అమర్చి ఉంటాయి. పాత పెట్టెలో ఆ రెసిస్టరు తెగి ఉంటే ఆ సంగతి బయటికి తెలియదు. చెరువు ఎండినదని దిగినవానికి ఊబి తెలియనట్లే ఇదీను. అనుభవం గల మెకానిక్కులు ఇటువంటి పెట్టెను విప్పినపుడు ఒక చేతిని వెనక్కు పెట్టుకొని రెండవ చేతితోనే పనిచేయడం కనిపిస్తుంది. అది నిర్లక్ష్యపు వాలకం కాదు. రెండు చేతులూ తగిలితే విద్యుత్తు ఒక చేతి నుండి మరొక చేతికి గుండె మీదుగా పోతుంది; ఆ దారిని వారు ముందే మూసివేస్తున్నారు. లోపలి ఫ్యూజు పోయిందని తెలిసినా దానిని మార్చి ఊరుకోవడం పొరపాటు, ఎందుకంటే ఫ్యూజు ఊరకే పోదు. ఇంట్లో పెద్దలు కరెంటు వస్తువు ముట్టుకోవద్దని గదమాయించడంలో నిజం ఉంది. అదృష్టవశాత్తు ఈ పెట్టె ఇచ్చే ప్రయోజనమంతా మూత బయట వేలాడే తీగల గుత్తిలోనే ఉంది. దానిని విప్పకుండానే కావలసినదంతా పొందవచ్చు.

ఆ గుత్తిలో మొదట 20 తీగల ప్లగ్గు ఉండేది. 2003లో అది 24 తీగలకు పెరిగింది. నల్లనివన్నీ శూన్యమట్టం, అంటే అన్ని కాలువలకూ తిరుగుదారి. నారింజరంగువి 3.3 వోల్టులు. నీలిరంగు తీగ ఒక్కటి ఋణ 12 వోల్టులు ఇస్తుంది గాని దాని శక్తి స్వల్పం. చాలా పెట్టెలలో అర ఆంపియరు కూడా ఉండదు. ఊదారంగు తీగ మిగిలినవారు నిద్రపోతున్నా మేలుకొని ఉండే కావలివాని వంటిది; ప్లగ్గు పెట్టినంతసేపూ దానిలో 5 వోల్టులు ఉంటాయి. బూడిదరంగు తీగ అంతా సవ్యంగా ఉన్నదని తెలిపే సంకేతం. ఇక ఆకుపచ్చ తీగ ఒక్కటే. అది పెట్టెకు తాళంచెవి.

కొత్తవారు చాలామంది పెట్టెను ప్లగ్గులో పెట్టి, పంకా తిరగకపోవడం చూసి, చచ్చిన పెట్టెను అంటగట్టారని కొట్టువానితో తగువుకు పోతారు. పెట్టె చావలేదు, పిలుపు కోసం ఎదురు చూస్తున్నది. కంప్యూటర్ ముందున్న బొత్తాన్ని నొక్కినపుడు లోపలి పలక ఆకుపచ్చ తీగను నల్లతీగకు కలుపుతుంది. ఆ కలయికను బయట ఒక చిన్న స్విచ్చితో చేస్తే పెట్టె లేస్తుంది. ఆ తీగలో ఉన్నది స్వల్పమైన సంకేతమే కనుక అందులో భయపడవలసినది లేదు. పంకా తిరిగిన ఆ మొదటి క్షణంలో కుర్రవాని ముఖం చూడదగినది.

అయినా మీటరు పెట్టి చూస్తే పసుపు తీగలో 12 బదులు 11.2 కనిపించవచ్చు. ఇదే ఇంతకుముందు వాయిదా వేసిన లస్కరు సంగతి. 5 వోల్టుల కాలువలో వాడకం ఏమీ లేకపోతే చిప్పు తలుపును దాదాపు మూసే ఉంచుతుంది. ఆ కరవు 12 వోల్టుల కాలువకు కూడా తగులుతుంది. కొన్ని పాత పెట్టెలు ఏ భారమూ లేకపోతే లేచిన వెంటనే ఆరిపోతాయి. దీనికి మందు సులభం. ఎరుపు, నలుపు తీగల మధ్య 10 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టరును శాశ్వతంగా కలిపి ఉంచాలి. దానిలో అర ఆంపియరు ప్రవహించి రెండున్నర వాట్లు వేడిగా మారుతుంది. కనుక దానిని ప్లాస్టిక్కుకు ఆనించి ఉంచరాదు. అది చాలకపోతే 5 ఓమ్‌లది పెట్టవచ్చు. 12 వోల్టుల కాలువను పరీక్షించడానికి మోటారుసైకిలు వెనుక దీపం కంటె మంచి సాధనం లేదు. 21 వాట్ల బల్బు ఒకటే పావు తక్కువ రెండు ఆంపియర్లు, అనగా 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. అది వెలుగుతుండగా మీటరు 11.4కూ 12.6కూ మధ్య నిలిస్తే పెట్టె ఆరోగ్యంగా ఉన్నట్లే. ప్రమాణం అనుమతించే హెచ్చుతగ్గు నూటికి 5 వంతులు.

ఒకే రంగు తీగలను మూడేసి, నాలుగేసి కలిపి ఒక్కొక్క మరకు బిగించి, ఆ మరలను విడిగా ఒక ప్లైవుడ్ పలక మీద అమర్చుకోవడం ఉత్తమం. పెట్టె రేకుకే కంతలు పొడిచి అందంగా అమర్చే పద్ధతి ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది గాని, దానికి మూత విప్పక తప్పదు, రేకు పొడి లోపల రాలకా తప్పదు. అందం కంటె ప్రాణం ముఖ్యం. నారింజ తీగలలో ఒకదానితో జంటగా సన్నని గోధుమరంగు తీగ వస్తే దానిని తెంచి వదలరాదు. అది 3.3 వోల్టుల మట్టాన్ని చిప్పుకు తెలిపే తీగ. దానిని నారింజ తీగలతోనే కలిపి ఉంచాలి. తీగలు కోయడం ఇష్టం లేనివారికి ప్లగ్గును యథాతథంగా గుచ్చుకొనే చిన్న బ్రేకౌట్ బోర్డులు కూడా దొరుకుతాయి.

12 వోల్టులు, 5 వోల్టులు తగిలితే షాకు కొట్టదు గనుక ఇక్కడ ప్రమాదమే లేదని తలచడం మరొక పొరపాటు. ఎరుపు తీగల వెనుక 20 ఆంపియర్లు సిద్ధంగా ఉంటాయి. వేలికి బంగారు ఉంగరం పెట్టుకొని పనిచేస్తున్నవాని ఉంగరం రెండు మరలకూ ఒకేసారి తగిలితే, షాకు కొట్టదు. ఉంగరం కాలుతుంది, దానితోపాటు వేలూ కాలుతుంది. పెట్టెకు స్వీయరక్షణ ఉన్న మాట నిజమే. షార్టు అయినపుడు అది ఆగిపోతుంది. ప్లగ్గు తీసి కొంతసేపు ఉంచి మళ్ళీ పెడితే గాని లేవదు. కాని ఆ రక్షణ మేలుకొనేది పెట్టెకు భారమైనపుడు మాత్రమే. సన్నని తీగకు భారమైనది పెట్టెకు భారం కాదు. పెట్టె నిశ్చింతగా ఉండగానే తీగ తొడుగు కరిగి పొగ రావచ్చు. అందుచేత ప్రతి కాలువకూ రెండు మూడు ఆంపియర్ల ఫ్యూజు వేరుగా ఉండాలి. బండ్లలో వాడే ఫ్యూజులు ఇందుకు చాలును.

ఇంత జాగ్రత్త తీసుకున్నవానికి ఫలితం తక్కువేమీ కాదు. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పాఠంలో చదివే 7400 వరుస చిప్పులకు 5 వోల్టులు కావాలి. 2005లో ఇటలీలో పుట్టి ప్రపంచమంతటి విద్యార్థుల చేతుల్లోకి వచ్చిన ఆర్డుయినో పలక కూడా 5 వోల్టులతో నడుస్తుంది. కొత్త తరం వైఫై పలకలు చాలావరకు 3.3 వోల్టులు కోరుతాయి. పసుపు, నీలం తీగలు కలిసి ధన, ఋణ 12 వోల్టులు ఇస్తాయి కనుక ఆపరేషనల్ యాంప్లిఫయర్ ప్రయోగాలకు వేరే ఏర్పాటు అక్కరలేదు. ఎల్‌ఎం 317 అనే చిన్న రెగ్యులేటరును పసుపు తీగకు కలిపితే 1.25 మొదలుకొని సుమారు 10 వోల్టుల వరకు కావలసిన విలువను తిప్పి పొందవచ్చు. పాత ప్రింటరులోని మోటారు, ఇంటిమీది తొట్టెలో నీటిమట్టం తెలిపే గంట, వినాయకచవితి పందిట్లో 12 వోల్టుల దీపాల పట్టీలు – ఇవన్నీ ఒకే పెట్టె మీద నడుస్తాయి. రేడియో కట్టాలనుకొనేవారికి మాత్రం ఇది అంత అనుకూలం కాదు. తలుపులు తెరిచి మూసే ఆ వేగమే మీడియం వేవ్ రేడియోలో బరబర శబ్దంగా వినిపిస్తుంది. పెట్టె పక్కన చిన్న ట్రాన్సిస్టరు రేడియో ఉంచితే ఎవరికైనా ఆ సంగతి తెలుస్తుంది.

పల్లెలలో ఈ పెట్టె రేకును చెప్పులు లేని కాళ్ళతో ముట్టుకున్నవారికి వేళ్ళు చిమచిమలాడటం అనుభవమే. చాలామంది దానిని పెట్టె లోపంగా భావిస్తారు. లోపం ఇంటిది. పెట్టెలోకి వచ్చే విద్యుత్తులోని చికాకు సంకేతాలను వడగట్టి ఎర్తు తీగలోకి పంపడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ స్వల్ప ప్రవాహం నేలలోకి పోతుంది. లేకపోతే రేకు మీదనే నిలిచి, ముట్టుకున్నవాని గుండా పోతుంది. ఆ చిమచిమ వల్ల ప్రాణానికి ముప్పు లేదు. కాని లోపల తీగ ఊడి రేకుకు తగిలిన రోజున కాపాడవలసినది ఆ ఎర్తే. అది లేదని చిమచిమ ముందుగానే చెబుతున్నది. మూడవ పిన్నును విరగ్గొట్టి రెండు కంతల ప్లగ్గులో కుక్కే అలవాటు ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఎర్తు ఏర్పాటు కష్టమైనదేమీ కాదు. పెరట్లో గొయ్యి తీసి, లోహపు గొట్టమో పలకో దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపి, వేసవిలో నీరు పోస్తుండటం మన ఎలక్ట్రీషియన్లకు తెలిసిన పద్ధతి. నీటిమట్టం పైననే ఉండే డెల్టా నేలలో మంచి ఎర్తు దొరకడం మెట్టప్రాంతం కంటె తేలిక. ఉన్న సౌకర్యాన్ని వాడుకోకపోవడమే విచారకరం.

పవర్ సప్లై అన్న పేరు వల్ల కొందరిలో మరొక భ్రమ కలుగుతుంది. ఈ పెట్టె విద్యుత్తును పుట్టించదు, వచ్చినదానిని మారుస్తుంది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను ఊడ్చివేసిన తుపానులో కొబ్బరితోటలతోపాటు విద్యుత్ స్తంభాలూ కూలి పల్లెలు చీకటిలో ఉండిపోయాయి. అటువంటి రోజులలో పనికి వచ్చేది బ్యాటరీ గాని ఈ పెట్టె కాదు. పోనీ, కరెంటు ఉన్న రోజులలో దీనితో 12 వోల్టుల బ్యాటరీని నింపి ఉంచవచ్చునా అని చాలామంది అడుగుతారు. ఆ పని దీనితో కాదు. నిండిన సీసపు బ్యాటరీ వోల్టేజి దానంతట అదే 12.6కు పైగా ఉంటుంది. పల్లంలోని బోదె మెరక పొలానికి నీరు ఎక్కించలేదు. బ్యాటరీని నిండుగా నిలిపి ఉంచడానికి సుమారు 13.8 వోల్టులు కావాలి. హామ్ రేడియో ఔత్సాహికులు కొన్ని రకాల పెట్టెలలోని చిప్పుకు చేరే కొలతను మార్చి, ఆ 13.8 వోల్టులను రాబట్టుకుంటారు. అది మూత విప్పి చేసే పని. ఎరిగినవారే చేయదగిన పని. బ్యాటరీ కోసం బ్యాటరీ చార్జరునే కొనడం మంచిది.

ఒక పెట్టె బల్ల మీదికి రాకపోతే ఎక్కడికి పోతుందన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై మన దేశంలో తొలి నిబంధనలు 2011లో వెలువడి 2012 మే 1 నుండి అమలులోకి వచ్చాయి. 2016లో, మళ్ళీ 2022లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. వస్తువును తయారుచేసినవారే దాని అంతిమగతికి బాధ్యులన్నది వాటి సారాంశం. కాగితం మీది ఆ బాధ్యతకూ వీధిలో తిరిగే పాత ఇనుము బండికీ మధ్య దూరం చాలా ఉంది. ఊరి చివర తీగల గుత్తిని మంటలో వేసి రాగి తీసుకొనేవారికి దక్కేది పిడికెడు రాగి. తొడుగు కాలిన ఆ నల్లని పొగ మాత్రం ముందుగా పోయేది వారి ఊపిరితిత్తులలోకే. పాత టంకంలోని సీసం కాలువ గట్టున పడితే అది ఎవరి నీటిలోకి చేరుతుందో చెప్పనక్కరలేదు. ఒక విద్యార్థి ఒక పెట్టెను అయిదేండ్లు వాడుకున్నంత మాత్రాన ఈ సమస్య తీరదు. ఆ పెట్టె చావు అయిదేండ్లు వెనక్కు పోతుంది, అంతే. అయితే తీగల రంగులు తెలిసినవాడు తీగలను మంటలో వేయడానికి అంత తేలికగా ఒప్పుకోడు.

ల్యాప్‌టాప్‌లు, చేతిఫోన్లు పెరిగి, ఇటువంటి పెట్టెలు పల్లెలలో తగ్గుతున్నాయి. 2019లో ఇంటెల్ ప్రతిపాదించిన కొత్త ప్రమాణంలో పెట్టె 12 వోల్టులు మాత్రమే ఇస్తుంది; 3.3, 5 వోల్టుల కాలువలను కంప్యూటర్ లోపలి పలకే తవ్వుకోవాలి. అందువలన మూడు కాలువల పాత పెట్టె దొరికినవారు దానిని మెత్తగా వాడుకోవడం మంచిది. ఏదో ఒకరోజు అదీ ఆగిపోతుంది. అప్పుడు దానిని తెలిసిన మెకానిక్కుకు ఇస్తే అతడు విప్పి, పనికివచ్చే భాగాలను తన డబ్బాలో వేసుకుంటాడు. అడిగితే పంకాను ఇస్తాడు. అది 12 వోల్టులదే కనుక మరొక పెట్టె పసుపు, నల్ల తీగలకు కలిపి బల్ల అంచున నిలబెడితే, టంకం వేసేటపుడు లేచే పొగను కిటికీ వైపు నెడుతుంది.